అడుగులు లెక్కపెట్టే గడియారం

కిందటేడు మా వారికి గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. రోజూ నడవమన్నారు డాక్టరుగారు. ఆ సంగతి తెలిసి డల్లాసులో ఉన్న మా అబ్బాయి చేతికి కట్టుకునే ఫిట్‌నెస్ ట్రాకరు పంపించాడు. అడుగులు లెక్కపెడుతుంది, నాడి చూస్తుంది, నిద్ర కొలుస్తుంది, కాసేపు కూర్చుంటే లేవమంటుంది. మా అత్తగారు కూడా ఇంత కనిపెట్టి చూసేవారు కాదు సుమండీ!

చిక్కంతా నాడి దగ్గర వచ్చింది. 220 లోంచి వయసు తీసేసి, మిగిలినదాన్నిబట్టి నడిచేటప్పుడు నాడి ఇంతకు చేరాలని అది లక్ష్యం పెడుతుంది. మా వారు వేసుకునే మాత్రల్లో మెటొప్రోలాల్ ఒకటి. నాడి వేగాన్ని అణిచి ఉంచడమే దాని పని. పాపం, ఎంత వడిగా నడిచినా ఆ అంకె రాదు. "ఇంకొక్క చుట్టు" అంటూ రొప్పుకుంటూ తిరిగేవారు. ఒకనాడు పార్కులో బల్లమీద కూలబడేసరికి నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. డాక్టరుగారు ఆ లక్ష్యం తీసేయించారు. పక్కవాళ్లతో మాట్లాడుతూ నడవగలగాలి, పాట పాడబోతే ఆయాసం అడ్డురావాలి, అదే తగిన వేగమన్నారు. ఛాతీలో బరువుగా ఉన్నా, కళ్లు తిరిగినా వెంటనే ఆగిపోవాలి. ఆగినా తగ్గకపోతే ఆస్పత్రికే.

మావంటివాళ్లకు కావలసింది అడుగుల లెక్కే. అది సరిగా చెబుతోందో లేదో చూడడం తేలిక. మనసులో వంద లెక్కపెడుతూ నడవండి. 95కూ 105కూ మధ్య చూపిస్తే పరవాలేదు. చేతి కదలికనుబట్టి కట్టే లెక్క కనుక, కూరల సంచీ మోస్తూ నడిస్తే కొన్ని మింగేస్తుంది. నేను కట్టుకుని చపాతీపిండి కలిపితే, నిలబడ్డచోటే నడిచానని రాసుకుంది!

పదివేలు నడవాల్సిందేనా అంటారేమో. ఆ అంకె 1965లో జపానులో ఒక కంపెనీ తన అడుగుల మీటరుకు పెట్టుకున్న పేరులోది. 2019లో అమెరికాలో ప్రచురించిన పరిశీలనలో, సగటున 72 ఏళ్ల స్త్రీలలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారికన్నా 4,400 వేసేవారిలో మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక పెద్దగా తేడా లేదు. మోకాళ్లు అరిగిన నాలాంటిదానికి ఎంత చల్లని కబురో!

కేలరీల అంకె చూసి మాత్రం జిలేబీకి చెయ్యి చాపకండి. 2017లో స్టాన్‌ఫర్డ్‌వారు ఏడు రకాలు పరీక్షిస్తే, అన్నిట్లోకీ మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది.

కొనేటప్పుడు ఎండలో నిలబడి, కళ్లజోడు తీసి అంకెలు కనబడతాయేమో చూడండి. ఒకసారి ఛార్జి పెడితే వారం రావాలి. రోజూ పెట్టాలంటే నెల తిరక్కుండా సొరుగులో చేరుతుంది. పట్టీ కింద చెమటా సబ్బూ నిలిచి దురద పుడుతుంది, స్నానమయ్యాక చెయ్యి ఆరనిచ్చి కట్టుకోవాలి.