ఫలక్‌నుమాలో అమ్మ

భద్రాచలంలో కాపురమున్నవాళ్ళకు ఒక చిక్కుంది. లోకమంతా మా ఊరు చూడటానికి వస్తుంది. వచ్చిన చుట్టాలకు వండిపెట్టి, దర్శనం చేయించి, పర్ణశాల చూపించి, బండి ఎక్కించేసరికి మా సెలవులు కాస్తా అయిపోతాయి. మేము ఇంకొకరి ఊరు చూడబోవటమన్నది అరుదు. అందుకే మొన్న సంక్రాంతి సెలవుల్లో మావారు, “ఈసారి మనమే చుట్టాలమవుదాం. హైదరాబాదు పోయి నవాబుల మేడలు చూసి, ఫలక్‌నుమాలో దొరల టీ తాగి వద్దాం” అన్నప్పుడు పిల్లలిద్దరూ గంతులేశారు.

అమ్మ మాత్రం, “టీ తాగటానికి హైదరాబాదు దాకానా?” అన్నది.

ఆ టీ ఖరీదెంతో అమ్మకు చెప్పలేదు. మనిషికి వేలల్లో పడుతుంది. అమ్మ పంతులమ్మగా చేరిన కొత్తలో అది ఇంచుమించు ఏడాది జీతం.

కొత్తగూడెంలో రాత్రి రైలు ఎక్కాము. స్టేషను పేరు భద్రాచలం రోడ్డు. అసలు భద్రాచలం అక్కడికి నలభై కిలోమీటర్లు! కొత్తవాళ్ళు రైలు దిగుతూనే రాముడి గుడి ఎటని అడగటం, ఆటోవాళ్ళు నవ్వుకోవటం మామూలే.

పొద్దున చౌమహల్లా చూశాము. చార్మినారుకు నడిచిపోయేంత దూరం. 18వ శతాబ్దిలో మొదలైన ఈ కట్టడం అయిదవ నిజాం అఫ్జలుద్దౌలా కాలానికి పూర్తయింది. దర్బారు హాలులో పందొమ్మిది బెల్జియం గాజు షాండ్లియర్లు వేలాడుతున్నాయి. వాటికింద పాలరాతి గద్దె. మా చిన్నవాడు గద్దె చూసి, “దీనిమీద కూర్చుంటే కాళ్ళు నొప్పెట్టవా?” అన్నాడు. పెట్టే ఉంటాయి.

అఫ్జలుద్దౌలా పేరు వినగానే నాకు మా గోదావరి గుర్తొచ్చింది. 1860లో ఆయనకూ ఇంగ్లీషువాళ్ళకూ జరిగిన ఒడంబడికలో నిజాంకు రాయచూరు దోవాబు తిరిగి వచ్చింది; భద్రాచలం, రేకపల్లి తాలూకాలు ఇంగ్లీషువాళ్ళ కిందికి పోయాయి. అక్కడెక్కడో సంతకం చేస్తే ఇక్కడ ఏరు సరిహద్దయింది. ఇవతలి ఒడ్డున బూర్గంపాడు నిజాముది, అవతలి ఒడ్డున రాముడి గుడి మద్రాసు సర్కారుది. పడవెక్కి ఏరు దాటితే నాణెం మారేది. ఏడు హాలీ సిక్కాలిస్తే ఆరు కల్దారు రూపాయలు చేతికొచ్చేవి. ఈ రెండు ఒడ్లూ ఒక జిల్లా కావటానికి 1959 దాకా పట్టింది. వంతెన పడింది 1965లో.

ఇదంతా పిల్లలకు చెప్పబోతే మా అమ్మాయి, “అమ్మా, క్లాసు ఇంటి దగ్గర” అన్నది. నోరు మూసుకున్నాను.

అమ్మ కనపడలేదు. వెతికితే, నిజాముల పింగాణీ సామాను పెట్టిన అద్దాల బీరువాల దగ్గర నిలబడి ఉంది. మేము దర్బారు హాలంతా తిరిగి వచ్చినా ఆవిడ ఆ పళ్ళాలనూ గిన్నెలనూ చూస్తూనే ఉంది. మావారు నా చెవిలో, “అత్తయ్యగారికి వజ్రాలు చూపించినా ఇంతసేపు చూసేవారు కాదు” అన్నారు.

మధ్యాహ్నం మీద ఫలక్‌నుమా చేరాము. ఫలక్ అంటే ఆకాశం. పేరుకు తగ్గట్టే గుట్టమీద ఉంది మేడ. పైగా వంశంవారు, తరవాత హైదరాబాదు ప్రధాని అయిన వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించారు. పైనుంచి చూస్తే తేలు ఆకారంలో ఉంటుందంటారు. మేము కిందనుంచే చూశాము కాబట్టి తేలు కనపడలేదు. ఖర్చు మోయలేనంతయిందని చెప్పుకుంటారు. ఎలాగైతేనేం, 1897లో అది ఆరవ నిజాం మహబూబలీ పాషా చేతికి వచ్చింది. ఆ తరవాత గొప్ప అతిథులకు విడిది. 1906లో ఇంగ్లండు యువరాజు, 1951లో మన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్‌గారు దిగారు. అటుపైన తలుపులు మూతపడి చాలాకాలం దుమ్ము పట్టింది. తాజ్ హోటలువారు పదేళ్ళు బాగుచేయించి 2010లో తెరిచారు.

లోపల చూడవలసినవి రెండు. ఒకటి పుస్తకాల గది. దాని కొయ్య పైకప్పు ఇంగ్లండు విండ్సరు కోటలోని దానికి నకలు. తాళాల వెనక ఉన్న పుస్తకాలు చూసి నా ప్రాణం కొట్టుకున్నది. రెండవది నూటొక్కమంది ఒకేసారి కూర్చుని తినే భోజనాల బల్ల. ఈ చివర గుసగుసలాడితే ఆ చివర వినపడుతుందని చూపించే అతను చెప్పాడు. అమ్మ ఆ బల్ల పొడుగంతా చూసి, “వీళ్ళందరికీ నీళ్ళెవరు మోసేవాళ్ళు నాయనా?” అని అడిగింది. అతను దానికి సిద్ధంగా లేడు.

ఇక టీ. మధ్యాహ్నం టీ అన్నది 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డు ప్రభువు భార్య అన్నా మొదలుపెట్టిన అలవాటని చెబుతారు. రాత్రి భోజనం ఆలస్యమవుతుంటే ఆకలికి ఆగలేక పుట్టిందట. ఇక్కడ దీన్ని హై టీ అంటున్నారుగాని, ఇంగ్లండులో ఆ మాట పనిచేసి ఇంటికొచ్చిన కూలివాడి సాయంకాలపు తిండికి చెల్లుతుంది. ఆ టీ ఆకు కోసం మన గంజాం, విశాఖ ఏజెన్సీల నుంచి జనాన్ని అస్సాం తోటలకు తీసుకుపోయిన సంగతి వేరే కథ.

మూడంతస్తుల స్టాండు తెచ్చి బల్లమీద పెట్టారు. కింద దోసకాయ ముక్కల సాండ్‌విచ్‌లు, నడుమ స్కోన్లనే బన్నులాంటివి, వెన్నా జామూను, పైన కేకులు. తెల్లని పింగాణీ కప్పులో టీ పోశారు. పాలు వేరే, చక్కెర వేరే. అంతా మనమే కలుపుకోవాలి. చిన్నవాడు పాలలో టీ పోశాడు.

అమ్మ కప్పు తీసుకోలేదు. పక్కన ఖాళీగా ఉన్న ఇంకో కప్పును బోర్లించి, అడుగు చూసి, చూపుడువేలి గోటితో అంచుమీద టంగుమని కొట్టింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నది.

“బాగా కాలింది” అన్నది.

మా తాతది కుమ్మరి సారె అని పిల్లలకు తెలుసు. ఆయన అవతలి ఒడ్డునుంచి భద్రాచలం ఎందుకొచ్చాడన్నది నాకూ తెలియదు. ఆ సాయంత్రం అమ్మ చెప్పింది.

“మీ తాతకు అప్పుడు పదేళ్ళు బిడ్డా. ఊళ్ళోకి దౌరా మీద పెద్ద అధికారి వస్తే కుండలూ కూజాలూ మావాళ్ళే ఇయ్యాలె, నీళ్ళూ మావాళ్ళే మొయ్యాలె. పైస ఇయ్యరు. వెట్టి. ఆ రోజు కప్పులు కడగమన్నరు. ఇట్లాంటిదే తెల్లది. నాయన దాన్ని కొట్టి చూసిండట, మోత ఎట్లుంటదో అని. చేతిలోంచి జారింది.”

“కొట్టారా?” అన్నది మా అమ్మాయి.

“ఆయన్ను కాదు. వాళ్ళ నాయన్ను. చింతచెట్టుకింద, అందరిముందు. ఆ రాత్రే మా మేనత్తా ఆయనా పడవెక్కి అవతలికి దాటిన్రు. తిరిగి ఆ ఊరికి పోలే.”

ఇంగ్లీషువాళ్ళ ఒడ్డున మాత్రం చాకిరి లేదా అంటే, ఎందుకు లేదు! అటు మన్యంలో రోడ్డు పనులకు గిరిజనుల్ని పట్టి పీడించినందుకే కదా 1922లో అల్లూరి సీతారామరాజు తిరగబడ్డది. కాని పదేళ్ళ పిల్లవాడికి ఏరు దాటితే చాలు. ఆయన భద్రాచలంలో ఆవం పెట్టాడు, కూతుర్ని బడికి పంపాడు.

మావారు తల వంచుకుని, “ఇక్కడికి తెచ్చి తప్పుచేశామా అత్తయ్యా?” అన్నారు.

“తప్పేముంది బాబూ. బాగుంది మేడ.” అమ్మ టీ పోసే కుర్రవాణ్ణి పిలిచింది. “కప్పు పగిలితే మీ జీతంలో పట్టుకుంటరా?”

“లేదమ్మా” అని అతను నవ్వాడు. “నావి రెండు పగిలినయ్.”

అమ్మ అప్పుడు కప్పు తీసుకుంది. మూడు చెంచాల చక్కెర వేసి, కలిపి, ఇంట్లో తాగినట్టే సాసరులో పోసి ఊదుకుంటూ తాగింది. పక్క బల్లవాళ్ళు చూశారు. చూడనీ! ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళూ సాసరులో పోసుకునే తాగేవారు. ఈ సంగతి చెబుదామనుకుంటూండగానే మా అమ్మాయి తన టీ సాసరులో ఒంపుకున్నది. వెనకే చిన్నవాడు, బల్లగుడ్డ మీద సగం పోస్తూ.

బయటికొచ్చేసరికి కింద పాతబస్తీలో దీపాలు వెలుగుతున్నాయి. రైలుకు ఇంకా టైముంది. అమ్మ మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుని, “ఇంతకీ ఎంతయిందే ఆ టీ?” అని అడిగింది. చెప్పాను. మిగతా మెట్లన్నీ ఆవిడ ఏమీ మాట్లాడకుండా దిగింది. కిందికొచ్చాక, “రెండో కప్పు కూడా తాగవలసింది” అన్నది.