దాచేపల్లి కల్లంలో ఘంటసాల

గుంటూరు నుంచి సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా హైదరాబాదు బస్సులో వెళ్ళేవాళ్ళలో దాచేపల్లిని చూసినవాళ్ళకంటే దాచేపల్లి దగ్గర కునుకు తీసినవాళ్ళే ఎక్కువ. ఇంకాస్త ముందుకుపోతే పొందుగల, కృష్ణమ్మ మీద వంతెన, అవతల తెలంగాణ. మధ్యలో దిగి చూసేదేముంది, సిమెంటు లారీలూ నాపరాళ్ళూ తప్ప, అన్నాడు మిత్రుడు. నేను దిగాను.

మాఘమాసం. రోడ్డు పక్కన ఎటు చూసినా మిరప కల్లాలే. నేలకి ఎర్ర చీర ఆరేసినట్టుంది. ఘాటుకి ముందు నాలుగు తుమ్ములొచ్చాయి, ఆ తర్వాతే పాట వినపడింది. తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళ మధ్య, తిరగేసిన బుట్ట మీద, ఒక సెల్ ఫోన్ గొంతు చించుకుంటోంది. కుర్రకారు థియేటర్లో ఈలలేసే డాన్సు పాట!

సినిమా పత్రికలో మిరపకాయల గొడవేమిటని విసుక్కోకండి. కష్టకాలంలో మనవాళ్ళు ఏ పాట పట్టుకుని నిలబడతారో తెలుసుకుందామనే నేనక్కడ దిగింది. కష్టానికి ఈ నేల కొత్తేం కాదు. 1987-88లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసింది. అప్పులపాలైన రైతులు కొందరు ప్రాణాలే తీసుకున్నారు. మళ్ళీ 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడింది. పూతలోనే దూరి కూచునే పురుగది. పూత రాలిపోతే ఇంక కాయెక్కడిది?

"ఆ ఏడు పాట కాదు గదా, అన్నమే సయించలా" అన్నాడు కల్లం కాపలా ఉన్న పెద్దాయన. "కౌలు గాక ఎకరానికి లక్ష పైన పెట్టా. చేను పీకేద్దామని పోయి గట్టు మీద కూలబడ్డా. మా వాడు వెనకాలే వచ్చి, మాటా పలుకూ లేకుండా ఫోన్లో ఘంటసాల పాట పెట్టాడు."

ఏ పాటో చెప్పగానే నాకు ఒళ్ళు ఝల్లుమంది. అన్నపూర్ణా వారి 'వెలుగునీడలు' (1961) లోది. రాసింది శ్రీశ్రీ, బాణీ కట్టింది పెండ్యాల. ఏడుస్తున్నవాణ్ణి "ఛ, ఊరుకో" అని కసిరే పాట కాదది. గాలికి ఒరిగిపోయిన తీగకి ఊతం ఇవ్వకుండా వదిలేస్తామా అని నెమ్మదిగా అడుగుతుంది. మహాకవి తీగ అన్నాడు, పెద్దాయనకి మిరపమొక్క కనపడింది. అంతే తేడా!

"మరి చేను పీకేశారా?"

"పీకేశా. పాట పురుగుని చంపుద్దా, అప్పు తీర్చుద్దా? కాకపోతే ఆ రాత్రి ఇంటికి పోయి పడుకున్నా అబ్బాయ్."

పక్కనే ఉన్న ఆయన మనవడు ఒప్పుకోలేదు. వాడి ఓటు 'పట్టుదల' (1992) లో సిరివెన్నెల రాసిన పాటకి. ఇళయరాజా సంగీతం, ఏసుదాసు గళం. పరీక్ష తప్పినప్పుడల్లా అదే వింటాట్ట. ఎన్నిసార్లు విన్నావని మాత్రం నేనడగలేదు!

ఆడవాళ్ళకి ఈ రెండూ పట్టలేదు. "నీతి పాటలింటే చెయ్యి ఆగుద్ది అన్నయ్యా. గంతులేసే పాటైతే బుట్ట నిండుద్ది" అంది ఒకావిడ, తల ఎత్తకుండానే. ధైర్యం చెప్పే పాటంటే వేదాంతమే అనుకునే నాలాంటివాళ్ళకి అది చెంపపెట్టు.

ఆమె మాటకి సాక్ష్యం మన సినిమాల్లోనే ఉంది. 'రోజులు మారాయి' (1955) ఏరువాక పాట గుర్తుందా? రాసిన కొసరాజు గుంటూరు సీమవాడే, బాపట్ల దగ్గర అప్పికట్ల ఆయన ఊరు. మాస్టర్ వేణు బాణీ, జిక్కి గొంతు, తెర మీద చిందులేసింది వహీదా రెహమాన్. రైతు కష్టం తీరుతుందంటూనే, ఒళ్ళు వంచని పెద్దమనుషులకి చురకలంటిస్తుంది. చెవికి గంతు, కడుపుకి ధైర్యం! ఆ బాణీ బొంబాయి దాకా పోయి, 1960లో 'బంబయి కా బాబు'లో హిందీ పాటై కూచుంది. మన ఏరువాకకి అక్కడ దుక్కి లేదనుకోండి, అది వేరే సంగతి.

పొద్దు వాలింది. మంచుకి కాయ తడిసిపోకుండా కుప్పల మీద పట్టాలు కప్పే వేళ. పెద్దాయన గొంతు సవరించుకుని, "అమ్మాయ్, ఆ ఘంటసాలది ఒక్కసారి..." అన్నాడు.

"ఒక్కటే తాతా. తర్వాత మాదే" అంటూ ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుంది.

పట్టా నాలుగు కొసలూ నలుగురు పట్టుకున్నారు. ఒక కొస నాకిచ్చారు. పాట సగంలో ఉండగా నేనెక్కాల్సిన బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. పట్టా ఇంకా కప్పడం కాలేదు.