మొద్దు కత్తే చెయ్యి కోస్తుంది

ఈసారి వరి గురించి కాదు, ఒక కత్తి గురించి రాస్తున్నా. కొంచెం పొడుగైనా చదవండి, మీ ఇంట్లో కూడా పనికొచ్చే సంగతే.

పోయిన సంక్రాంతికి మద్రాసు నుంచి మా పెద్దోడు, కోడలు, పదేళ్ళ మనవడు వచ్చారు. కారు డిక్కీలో ఒక గుడారం, రెండు వల ఉయ్యాలలు. "నాయనా, క్యాంపింగ్‌కి పోదాం, ఒక రాత్రి బయట పడుకుందాం" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. చిన్నప్పుడు శెనక్కాయ చేలో పందుల కాపలాకి మంచె మీద నెలల తరబడి పడుకున్నోణ్ణి నేను. అప్పుడు దాన్ని ఎవరూ సరదా అనలేదు, చాకిరీ అన్నారు. అయినా మనవడి మొహం చూసి సరే అన్నా.

మైపాడు వైపు, బకింగ్‌హాం కాలవకి అవతల ఇసక నేలలో మాకు అరెకరం సరుగుడు తోట ఉంది. గట్టున నాలుగు కొబ్బరి చెట్లు. సాయంత్రానికి అందరం ఆడికి చేరాం.

మావోడు ఉయ్యాలకి సన్న తాడు తెచ్చాడు. అది బెరడును కోసేస్తుంది. పాత చీర మడిచి మానుకి చుట్టి, దాని మీద తాడు కట్టించా. ఇసకలో లేత సరుగుడుని నమ్మకూడదు, బాగా బలిసిన మాన్లనే చూసుకొని, ముందు చేత్తో గట్టిగా ఊపి చూడాల. ఉయ్యాలని బిగదీసి కట్టకూడదు, అరటికాయ మాదిరి వంగి ఉండాల. కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనాల. నిలువునా పడుకుంటే నడుం వంగిపోతుంది, కొంచెం అడ్డంగా ఏటవాలున పడుకుంటే వెన్ను సాపుగా ఉంటుంది. కొబ్బరి చెట్టు కింద మాత్రం వద్దే వద్దు. కాయ గానీ మట్ట గానీ నెత్తిన పడిందంటే అంతే.

నేల మీద రాలిన సరుగుడు ఆకు పెట్రోలు మాదిరి అంటుకుంటుంది. ఇసక కనపడేదాకా ఊడ్చి, అక్కడే పొయ్యి పెట్టాం. అన్నం అయినాక నిప్పుల మీద ఇసక పోస్తే ఆరినట్టే కనిపిస్తుంది గానీ లోపల గంటల కొద్దీ కాలతానే ఉంటాయి, బిడ్డలు తొక్కుతారు. బాగా నీళ్ళు పోసి, కట్టెతో కలిపి, మళ్ళీ పోయాల.

ఆ రాత్రి మనవడికి నడినెత్తిన పిల్లలకోడి చుక్కల్ని చూపించా. జనవరి నుంచి మార్చి దాకా మన ఒడ్డుకి తాబేళ్ళు గుడ్లు పెట్టను వస్తాయి, వెలుతురు చూస్తే వెనక్కి పోతాయి. అందుకని వాణ్ణి సముద్రం వైపు టార్చి వెయ్యనీలేదు. గుసగుసగా మాట్లాడతా నిద్రపోయాడు.

అంతా బాగుంది, తెల్లారేదాకా.

పొద్దున్నే ముంతకాయలు కొడదామని మా నాయన మచ్చుకత్తి పెద్దోడి చేతికిచ్చా. ఒకప్పుడు ఆ కత్తికి కాయ ఒక్క వేటు. కానీ కోత మిషన్లు వచ్చినాక మా ఇంట్లో కొడవళ్ళు, కత్తులు అన్నీ అటక ఎక్కినాయి. ఎన్నేళ్ళయిందో దానికి నూనె రాసి. మావోడు కొట్టాడు, దిగలేదు. బలం పెట్టి మళ్ళీ కొట్టాడు. నున్నటి కాయ మీద నుంచి జారి ఎడం చేతి బొటనవేలి మొదట్లో దిగింది. మనవడు పక్కనే నిలబడి చూస్తా ఉన్నాడు. ఆస్పత్రిలో నాలుగు కుట్లు పడినాయి.

ఇంటికొచ్చినాక కోడలు అరవలేదు, మెల్లిగానే అంది. "మామయ్యా, ఇంక మా వాడి చేతికి ఎప్పుడూ కత్తి ఇవ్వకండి. ఈ క్యాంపింగులూ వద్దు." నాకు మాట రాలేదు. తప్పు కత్తిది కాదు, కొడుకుదీ కాదు, నాది. పదునున్న కత్తి చెప్పిన చోటే తెగుతుంది. మొద్దు కత్తికి బలం పెట్టాల, బలం పెడితే జారుతుంది.

మా నాయన ఎంత అలిసిపోయి వచ్చినా కత్తి కడిగి, తుడిచి, నూనె రాయకుండా అన్నానికి కూర్చునేవాడు కాదు. "కట్టెకి చెదలు ఎట్లనో ఇనుముకి ఉప్పుగాలి అట్ల" అనేవాడు. ఆ మాట నేను విన్నా, నా కొడుక్కి చెప్పలేదు. వాణ్ణి చదివించాం కదా, కత్తితో పనేముందిలే అనుకున్నా.

వాళ్ళు ఊరికి పోయినాక కత్తి ముందేసుకుని కూర్చున్నా. తుప్పుని ఇటుక పొడితో తోమి, నొక్కులు ఆకురాయితో సరిచేసి, తర్వాత సానరాయి తడిపి పట్టా. కత్తి వెన్ను రాయికి ఒక వేలు మందాన ఎత్తి, ఆ వాటం మారకుండా రుద్దాల. అవతలి పక్క అంచున సన్నటి గరుకు తగిలితే పదును అంచుదాకా వచ్చినట్టు, అప్పుడు తిప్పి రెండో పక్క పట్టాల. కరెంటు చక్రం మీద రవ్వలు ఎగిరేటట్టు పట్టించొద్దు. అంచు నీలం తిరిగిందంటే కొలిమిలో ఎక్కించిన గట్టిదనం పోయినట్టే. పదును చూసేది కాగితం మీద, బొటనవేలి మీద కాదు. పని అయినాక మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, కొబ్బరినూనె పలచగా రాయాల. తోలు సంచిలో దాచొద్దు, చెమ్మ పట్టుకుంటుంది.

ఎండాకాలం సెలవులకి మనవడు వచ్చాడు. కోడలితో చెప్పా. "అమ్మా, నువ్వు ఎదురుగా కూర్చో. మొదటి పది రోజులు వాడు కడిగి నూనె రాసేది మాత్రమే. తర్వాత రాయి. కోసేది ఆఖర్న, చిన్న చాకుతో, నేను పక్కన ఉండంగా. ఎప్పుడు వద్దంటే అప్పుడు ఆపేస్తా." ఆమె ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. రోజూ వచ్చి కూర్చునేది.

సెలవులు అయిపోయే ముందు మళ్ళీ తోటకి పోయినాం. ఈసారి కాయలు నేనే కొట్టా. వాడు చాకుతో మామిడికాయ కోసేముందు చెయ్యి చాపి చుట్టూ తిప్పి చూసుకుని, "నాన్నా, అవతలికి జరుగు, చెయ్యి తగిలేంత దూరంలో ఉండకూడదు" అన్నాడు. పెద్దోడు బొటనవేలి మచ్చ చూసుకుంటా జరిగాడు. పని అయినాక చాకు కడిగి తుడిచి, నూనె కోసం వెతుక్కుంటా ఉంటే, మా కోడలు మాట్లాడకుండా సంచిలోంచి కొబ్బరినూనె సీసా తీసి ఇచ్చింది. మేమెవరం అది తెమ్మని చెప్పలేదు.

ఈ రాత్రికి మీ అటక మీద కొడవళ్ళు ఒకసారి దించి చూడండి. తుప్పుంటే తోమండి. తోమేటప్పుడు బిడ్డల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఉంటా.