37వ నంబరుది ఏ ఊరు?

పుదుచ్చేరి శివార్లలోని తుత్తిపట్టులో సీజనుకు ముందు జరిగే ట్రయల్ మ్యాచ్ చూడ్డానికి టికెట్ అక్కర్లేదు. ఆడ్డానికి మాత్రం బోలెడు కాగితాలు కావాలి.

ఆదివారం ఉదయం ఏడు గంటలకు పుదుచ్చేరి రెండు ఆటలు ఆడుతుంది. ఒకటి ఊళ్లో, రెండోది ఊరవతల. బీచ్ రోడ్డు మీద వాహనాలను ఏడున్నర దాకా రానివ్వరు కాబట్టి నడకకు వచ్చినవాళ్లదే రాజ్యం. ఆ చుట్టుపక్కల ఫ్రెంచి పేర్ల వీధుల్లో ఎక్కడో చెట్టు నీడన నలుగురైదుగురు పెద్దమనుషులు పెటాంక్ ఆడుతూ కనిపిస్తారు. కాళ్లు రెండూ కదపకుండా నిలబడి, అరచేతిలో పట్టే లోహపు బంతిని చిన్న చెక్క గోళీకి దగ్గరగా విసరడమే ఆట. 13 పాయింట్లు ముందు తెచ్చుకున్న జట్టు గెలిచినట్టు. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను మీద స్థిరపడిన కుటుంబాలు నిలబెట్టిన ఆట ఇది. పర్యాటకులు ఆగి ఫొటోలు తీసుకుంటారు.

రెండో ఆటకు ఫొటోలు తీసేవాళ్లెవరూ రారు. అది చూడాలంటే పడమటి దిక్కున ఊసుడు చెరువు దాటి తుత్తిపట్టు వెళ్లాలి. ఆటోవాలా ఒకసారి ఎగాదిగా చూసి "మ్యాచా?" అంటాడు. ఆ వైపు పొద్దున్నే వెళ్లేది ఫ్యాక్టరీ కార్మికులు, కిట్ బ్యాగుల కుర్రాళ్లే మరి.

దారి పొడవునా సరిహద్దు దాగుడుమూతలు ఆడుతుంది. పుదుచ్చేరి జిల్లా మొత్తం 293 చదరపు కిలోమీటర్లే. అది కూడా ఒకే ముక్క కాదు. పదికి పైగా ముక్కలు, మధ్యలో తమిళనాడు. ఫ్రెంచివాళ్లు, ఇంగ్లిషువాళ్లు పద్దెనిమిదో శతాబ్దంలో కొట్టుకుని, రాజీపడి, మళ్లీ కొట్టుకుని వదిలేసిన అతుకుల బొంత ఇది. ఈ దారుల్లో వైన్ షాపుల వరస మొదలైతే పుదుచ్చేరి, ఆగితే తమిళనాడు అని లెక్క. ఊసుడు చెరువుదీ అదే కథ. సుమారు 800 హెక్టార్ల చెరువులో సగం అటు, సగం ఇటు. పుదుచ్చేరి ప్రభుత్వం 2008లో తన వంతు భాగాన్ని పక్షుల అభయారణ్యంగా ప్రకటించింది. కొంగలకు తాము ఏ రాష్ట్రంలో వాలుతున్నామో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. క్రికెటర్లకు ఆ వెసులుబాటు లేదు.

చెరువు దాటాక నేల ఎర్రబడుతుంది. తాటిచెట్లు, జీడిమామిడి తోటలు, మధ్యలో ఉన్నట్టుండి పరిచిన పచ్చటి తివాచీలా సీకెమ్ మైదానం. పుదుచ్చేరి క్రికెట్ సంఘానికి ఇదే ఇల్లు. 2025 ఆగస్టులో ఆ ఆదివారం అక్కడ అండర్-23 కుర్రాళ్లకు ట్రయల్ మ్యాచ్. ప్రేక్షకులు ఇరవై మంది ఉంటారేమో, అందరూ ఎవరో ఒకరి తాలూకు. తండ్రులు, మేనమామలు, ఒక తాతగారు, తమ్ముణ్ని ఎత్తుకున్న ఒక అక్క. ప్రతి ఒక్కరి చేతిలో ఒక ప్లాస్టిక్ ఫైలు. అందులో జనన ధ్రువపత్రం, ఆధార్, స్కూలు టీసీ, రేషన్ కార్డు జిరాక్సు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు.

ట్రయల్ మ్యాచ్ అసలు మ్యాచ్‌లా ఉండదు. స్కోరు రాస్తారు కానీ ఎవరికీ పట్టదు. జట్లకు పేర్లుండవు, 'ఎ', 'బి' అంతే. ఆటగాళ్లకూ పేర్లుండవు. వీపు మీద పిన్నీసులతో గుచ్చిన కాగితం, దాని మీద నంబరు. బ్యాట్స్‌మన్ 30 బంతులు ఆడాక అవుటైనా కాకపోయినా వెనక్కి పిలుస్తారు. బౌలర్‌కు నాలుగు ఓవర్లు, బాగా వేస్తే ఇంకో రెండు. ఇరవై నాలుగు బంతుల్లో ఒక మనిషిని తూచడం ఎంత కష్టమో ఆ తక్కెడలో కూర్చున్న కుర్రాళ్ల ముఖాలు చెబుతాయి. జట్టు గెలవాలని ఎవరికీ ఉండదు. పక్కవాడు క్యాచ్ వదిలేస్తే ఓదార్చే చెయ్యి కూడా కాస్త ఆలస్యంగానే లేస్తుంది.

37వ నంబరుకు బంతి ఇచ్చింది పదకొండు గంటలకు. ఎడమచేతి స్పిన్నరు, సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కెప్టెన్‌గా నిలబెట్టిన కుర్రాడు తమిళంలో ఏదో అడిగాడు. వీడికి అర్థం కాలేదు. వేలితో చూపించి ఫీల్డింగ్ సర్దుకున్నారు. మిడాన్‌లో మాహె నుంచి వచ్చినవాడు మలయాళంలో ఏదో అన్నాడు. అదీ అర్థం కాలేదు. ఒకే కేంద్రపాలిత ప్రాంతం, ఒకే జట్టు, మూడు భాషలు. బంతి మాత్రం తిరిగింది. రెండో ఓవర్లో ఒకటి నేల తాకి బ్యాటు అంచు ముద్దాడి స్లిప్‌లోకి వెళ్లింది. వేళ్లకు తగిలి కింద పడింది. వదిలేసినవాడు కూడా లెఫ్టార్మ్ స్పిన్నరే.

చెట్టు కింద 37వ నంబరు మేనమామ తొడ మీద చరుచుకున్నారు. ఆయనకు యానాంలో చిన్న ఎలక్ట్రికల్ షాపు. కాకినాడలో రైలెక్కి చెన్నైలో దిగి, అక్కణ్నుంచి బస్సులో వచ్చారు. మొత్తం ఎనిమిది వందల కిలోమీటర్ల పైనే. "మా ఇంటి నుంచి కాకినాడ గ్రౌండు ముప్పై కిలోమీటర్లండీ. గంటలో వెళ్లొచ్చు. కానీ అది పరాయి రాష్ట్రం కదా!" అని నవ్వారు. ఆంధ్రప్రదేశ్ నడుమ ఉన్న యానాం 1954 జూన్‌లో ఫ్రెంచి పాలన నుంచి బయటపడింది. అదే ఏడాది నవంబరు 1న పుదుచ్చేరితో పాటు భారత పాలనలోకి వచ్చింది. 2011 లెక్కల ప్రకారం జనాభా 55,626. కలెక్టరు కార్యాలయమైనా క్రికెట్ సెలెక్టరైనా వాళ్లకు దిక్కు పుదుచ్చేరే.

ఆయన దృష్టిలో మేనల్లుడి అదృష్టం ఆ ఫైలులోని మొదటి కాగితంలోనే ఉంది. యానాంలో చాలామంది పురుడు కోసం కాకినాడ వెళతారు. అక్కడ పుడితే బిడ్డ జన్మస్థలం ఆంధ్రప్రదేశ్ అవుతుంది. "వీడు పుట్టింది 2006 ఆగస్టు వరదల్లోనండీ. గోదారి ఊళ్లోకొచ్చేసింది. మా అక్కని కాకినాడ తీసుకెళ్లే దారి లేక ఇక్కడి ఆస్పత్రిలోనే పురుడు పోశారు. అప్పుడు ఏడ్చాం. ఇప్పుడు ఆ సర్టిఫికెట్టే పనికొస్తోంది" అన్నారాయన. ఇంటర్ కాకినాడలో చదివాడు కాబట్టి ఆంధ్రాకు ప్రయత్నించి ఉండొచ్చు కదా అంటే చేతులు తిప్పారు. "అక్కడ ఇలాంటి ఎడమచేతివాళ్లు ఎన్ని వందల మందో!"

మేనమామగారు చెప్పింది బీసీసీఐ నిబంధనే. ఒక రాష్ట్రానికి ఆడాలంటే అక్కడ పుట్టి ఉండాలి, లేదా కనీసం ఏడాదిగా అక్కడ చదువుతూనో ఉద్యోగం చేస్తూనో ఉండాలి. వీరు కాక ఒక్కో జట్టు ముగ్గురు ప్రొఫెషనల్ ఆటగాళ్లను బయటి నుంచి తెచ్చుకోవచ్చు. రగ్బీలో అయితే నివాసం ఆధారంగా ఒక దేశానికి ఆడాలంటే అయిదేళ్లు అక్కడ ఉండాలి. మన క్రికెట్‌కు ఏడాది చాలు. ఆ ఏడాదిని కాగితం మీద సృష్టించడం ఎంత తేలికన్నదే అసలు ప్రశ్న.

పుదుచ్చేరికి ఈ ప్రశ్న మొదటి రోజు నుంచే ఉంది. లోధా కమిటీ సంస్కరణల పుణ్యమా అని 2018-19 సీజన్‌లో తొమ్మిది కొత్త జట్లు రంజీ బరిలోకి దిగాయి. వాటిలో పుదుచ్చేరి ఒకటి. అంతకు ముందే, 2018 సెప్టెంబరులో, విజయ్ హజారే ట్రోఫీలో తొలి మ్యాచ్ గెలిచిన వెంటనే ఆ జట్టులోని ఎనిమిది మంది బయటి ఆటగాళ్లకు ఇచ్చిన అనుమతిని బీసీసీఐ వెనక్కి తీసుకుంది. జట్టును మళ్లీ పేర్చుకోవాల్సి వచ్చింది. తర్వాతి ఏళ్లలో పంకజ్ సింగ్, వినయ్ కుమార్, పారస్ డోగ్రా వంటి పేరున్నవాళ్లు పుదుచ్చేరి టోపీ పెట్టుకున్నారు. 2024 జనవరిలో ఏడుసార్లు రంజీ విజేత ఢిల్లీని దాని సొంత అరుణ్ జైట్లీ స్టేడియంలోనే 9 వికెట్ల తేడాతో ఓడించి పుదుచ్చేరి దేశాన్ని ఆశ్చర్యపరిచింది. తొలి ఇన్నింగ్స్‌లో 7 వికెట్లు తీసిన గౌరవ్ యాదవ్ మధ్యప్రదేశ్ నుంచి వచ్చినవాడు. బీచ్ రోడ్డులో ఆ రోజు స్వీట్లు పంచుకున్నా తప్పు లేదు. తుత్తిపట్టు చెట్ల కింద మాత్రం ఆ గెలుపును చెప్పుకునే తీరు వేరు. "గొప్ప మ్యాచ్ సార్. మనవాళ్లెంతమంది?" అని అడిగారు తాతగారు. ఆయన మనవడు 12వ నంబరు, వికెట్ కీపరు.

న్యాయంగా చెప్పుకోవాలంటే బయటివాళ్ల వల్ల మేలు జరగలేదనలేం. రంజీ ఎలా ఆడాలో చూసి నేర్చుకోవడానికి మునుపు ఇక్కడి కుర్రాళ్లకు పక్కన నిలబడే మనిషే లేడు. ఫ్రెంచివాళ్లు ఈ గడ్డ మీద క్రికెట్ విత్తలేదు. వాళ్లకు ఆ ఆట తెలిసింది కూడా అంతంతమాత్రమే. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో ఒకే ఒక్కసారి క్రికెట్ ఆడి, బ్రిటన్ చేతిలో 158 పరుగుల తేడాతో ఓడి ఫ్రాన్సు రెండో స్థానం తెచ్చుకుంది. ఆ 'ఫ్రెంచి' జట్టులో ఎక్కువమంది పారిస్‌లో కాపురమున్న ఇంగ్లిషువాళ్లే. అంటే అరువు ఆటగాళ్ల సంప్రదాయం ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలంటే వెతకొచ్చు. కానీ ముగ్గురు ప్రొఫెషనల్స్ రావడం వేరు, స్థానికుల కోటాలోనే బయటివాళ్లు నిండిపోవడం వేరు. మొదటిది నిబంధన. రెండోదే తగవు.

ఆ తగవు 2025 డిసెంబరులో రచ్చకెక్కింది. డబ్బు తీసుకుని బయటి ఆటగాళ్లకు ఇక్కడి చిరునామాలతో ఆధార్ కార్డులు, పాత తేదీలతో కాలేజీ ప్రవేశాలు, ఉద్యోగ పత్రాలు సమకూరుస్తున్నారని ఓ జాతీయ ఆంగ్ల దినపత్రిక రాసింది. ఒకే చిరునామా మీద అనేకమంది 'స్థానికులు' ఉన్నారని, 2021 నుంచి ఆడిన రంజీ మ్యాచ్‌లలో పుదుచ్చేరిలో పుట్టినవాళ్లు వేళ్ల మీద లెక్కించేంత మందేనని పేర్కొంది. ఇవి ఆరోపణలే. కానీ తుత్తిపట్టు చెట్ల కింద ఇవి కొత్త మాటలు కావు. ఆగస్టు ఎండలో తండ్రులు గుసగుసగా అనుకున్నవే. అదే డిసెంబరులో, జట్టులో చోటు దక్కలేదన్న కోపంతో ముగ్గురు స్థానిక ఆటగాళ్లు ఒక జూనియర్ కోచ్‌ను బ్యాటుతో కొట్టారన్న ఫిర్యాదుపై పోలీసులు కేసు పెట్టారు. కోచ్ నుదుటికి కుట్లు పడ్డాయి. కడుపుమంట ఎంత ఉన్నా దాన్ని బ్యాటుతో తీర్చుకోవడాన్ని సమర్థించేవాళ్లు ఎవరూ ఉండరు. అక్కడిదాకా వచ్చిందంటే మైదానంలో ఎంత ఉక్కపోత పేరుకుందో మాత్రం తెలుస్తుంది.

ఎవరు ఈ ఊరివారన్నది కాగితం తేల్చడం పుదుచ్చేరికి అలవాటే. ఫ్రాన్సును వదిలి భారత్‌లో చేరాలా వద్దా అని 1954 అక్టోబరు 18న కీళూరు అనే పల్లెలో 178 మంది ప్రజాప్రతినిధులు ఓటేశారు. 170 మంది చేరదామన్నారు, 8 మంది వద్దన్నారు. విలీన ఒప్పందం అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. ఫ్రెంచి పౌరులుగా ఉండిపోదలచినవాళ్లు ఆరు నెలల్లో రాసివ్వాలి, రాసివ్వనివాళ్లు భారతీయులు. అన్నదమ్ముల్లో ఒకరు సంతకం పెట్టి, ఒకరు పెట్టక రెండు దేశాలవారైన కుటుంబాలు ఈ ఊళ్లో ఉన్నాయి. చెట్టు నీడన పెటాంక్ ఆడుకునే పెద్దమనుషుల్లో కొందరి వెనక ఉన్నది ఆనాటి సంతకమే. ఆ సంతకం ఎంపిక చేసుకుని పెట్టింది. ట్రయల్ మ్యాచ్‌కు వచ్చిన కుర్రాడికి అంతటి ఎంపిక కూడా లేదు. వాడి వంతుకు ఎంత చోటు మిగులుతుందో వేరెవరి కాగితాలో తేలుస్తున్నాయి.

మధ్యాహ్నం రెండింటికి ఆట ముగిసింది. ఎవరు గెలిచారో అడిగినవాళ్లు లేరు. 37వ నంబరు నాలుగు ఓవర్లలో 17 పరుగులిచ్చి ఒక వికెట్ తీశాడు. ఇంకో రెండు ఓవర్లకు పిలుపు రాలేదు. సెలెక్టర్ల బల్ల దగ్గర అందరి నంబర్లూ కాగితాలతో సరిచూసుకుని "ఫోన్ చేస్తాం" అన్నారు. తమిళంలో అన్నారు, ఇంగ్లిషులో మళ్లీ అన్నారు. క్యాచ్ వదిలేసిన కుర్రాడు వచ్చి చెయ్యి కలిపాడు. "సారీ బ్రో" అన్నాడు. వీడు "పర్లేదు" అని తెలుగులోనే అనేశాడు.

"ఏరా, ఏమైనా తిన్నావా?"

"తిన్నా మావయ్యా. పెరుగన్నం పెట్టారు."

"ఆ క్యాచ్ పట్టుంటే..."

"వదిలెయ్ మావయ్యా."

వీపు మీది నంబరు కాగితాన్ని విప్పి, మడిచి, పారేయబోయి మళ్లీ కిట్ బ్యాగులో పెట్టుకున్నాడు. రోడ్డు మీద బస్సు కోసం ముప్పావు గంట నిలబడ్డారు. వచ్చిన బస్సులో కిట్ బ్యాగుకు టికెట్ అడిగాడు కండక్టరు. మేనమామ బేరమాడలేదు. చెరువు గట్టు వచ్చేసరికి కుర్రాడు కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. పుదుచ్చేరిలో దిగి చెన్నై బస్సు పట్టుకోవాలి, రాత్రికి రైలు. మేనమామ మాత్రం నిద్రపోలేదు. సీటు కింద నీళ్లు కారుతున్నాయేమోనని ఒకసారి వంగి చూసి, ప్లాస్టిక్ ఫైలును ఒళ్లోకి తీసుకున్నారు.