లాడ్జిలో ఒక రాత్రి

తెలుగు సాహిత్యం చదువుకున్నవాడు వరంగల్లులో రాత్రి బస చేస్తే క్రీడాభిరామం గుర్తుకు రాకుండా ఉండదు. ఆ గ్రంథం వినుకొండ వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అన్న తగువు పండితులది. దాని జోలికి నేను పోను. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధులన్నీ ఒక రోజల్లా తిరగటం అందులో కథ. ఆ ఊళ్ళో లక్ష్మణవజ్ఝల అనే ఆయన ఇంట ఒక్క రూక ఇస్తే కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమ పిండివంట, నెయ్యి, పప్పు, కూరలు, పెరుగు అన్నీ పెడతారు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువరించినప్పుడు, ఇటువంటి కావ్యాలనే తవ్వి మన పూర్వుల తిండీ బట్టా బయటికి తీశారు. తొమ్మిదేళ్ళుగా నేనీ పద్యం డిగ్రీ విద్యార్థులకు చెబుతున్నాను. వంటకాల పేర్లు వాళ్ళచేత వల్లెవేయిస్తున్నాను. ఆ విస్తళ్ళు ఎత్తిందెవరని నేనూ అడగలేదు, నా విద్యార్థులూ అడగలేదు. పరీక్షలో ఆ ప్రశ్న రాదు గదా!

మొన్న మాఘమాసంలో డిగ్రీ పేపర్లు దిద్దటానికి వరంగల్లు వెళ్ళాను. పెళ్ళిళ్ళ రోజులు కావటాన స్టేషను దగ్గరి లాడ్జీలన్నీ నిండి ఉన్నాయి. ఒక చిన్న లాడ్జిలో ఫోను ద్వారా గది కుదుర్చుకుని వెళ్ళేసరికి, కౌంటరు దగ్గర మేనేజరు చేతులు నలుపుకుంటూ, "రెండు మంచాల గది సార్, ఇంకొకాయన ఉన్నారు, ఈ పూటకి సర్దుకోండి," అన్నాడు. సర్దుకున్నాను. ఆధార్ నకలు ఇచ్చి, రిజిస్టరులో 'వచ్చిన పని' అన్నచోట 'పరీక్ష పేపర్లు' అని రాశాను. పై పంక్తిలో నా సహవాసి 'వ్యాపారం' అని రాసి ఉన్నాడు.

ఆయన పురుగుమందుల కంపెనీ ప్రతినిధి. పత్తికీ మిర్చికీ పేరుపడ్డ ఎనుమాముల మార్కెట్టు చుట్టూ డీలర్లను చూసుకుంటూ నెలలో ఇరవై రోజులు ఇలాంటి లాడ్జీల్లోనే గడుపుతాడట. వ్యాపారం అని రాశాడుగాని అందులో ఆయన వ్యాపారం ఏమీ లేదు. సరుకు కంపెనీది, లాభం కంపెనీది. టార్గెట్టు మాత్రం ఆయనది. మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూచుని, ఆనాటి లెక్కలు ఫోనులోకి ఎక్కిస్తున్నాడు. నా టిట్టిభసెట్టి దొరికాడనుకుని లోపల్లోపల నవ్వుకున్నాను. మంచనశర్మను నేనే కాబోలు!

రాత్రి తొమ్మిదింటికి స్నానానికి వేడినీళ్ళు కావాలన్నాను. రూంబాయ్ అని పిలిస్తే వచ్చినవాడు యాభై దాటిన మనిషి. "ఏమయ్యా, ఎంతసేపు?" అని నేను రెండుసార్లు కేకేశాక, అరగంటకు బకెట్టుతో వచ్చాడు. నీళ్ళు గోరువెచ్చగా కూడా లేవు. దుప్పటి మీద మరక ఉందని చెబితే వేరే దుప్పటి తెచ్చాడు, దానిమీదా మరకే. పొద్దుటినుంచీ ఒకరి పొరపాట్లకు మార్కులు తగ్గిస్తూ వచ్చిన చెయ్యి గనక, పదింటికి ఫోను 'మీ బస ఎలా ఉంది?' అని అడగగానే రెండు నక్షత్రాలు వేశాను. కారణమేమిటని అడుగుతూ ఫోనే ఒక జాబితా చూపింది: శుభ్రత, భోజనం, సిబ్బంది. 'సిబ్బంది' మీద వేలు నొక్కి, దీపం ఆర్పి హాయిగా పడుకున్నాను.

తెల్లవారుజామున అయిదింటికి తలుపు చప్పుడయింది. అతనే, పొగలు కక్కే నీళ్ళ బకెట్టుతో. రెండంతస్తుల మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీర్చుకుంటూ చెప్పాడు:

"రాత్రి మీకు తక్లీఫయింది సారూ. గీజరు మూడు నెలల సంది కరాబున్నది. కింద పొయ్యి మీద కాగబెట్టి తెస్తున్న. మీదికొచ్చేసరికి సల్లబడుతయి."

"దుప్పట్లో?"

"కొత్తయి కొనలే సారూ. ఉన్నయే ఉతుకుతున్నం."

కాస్సేపు ఆగి, ఎవరి సంగతో చెప్పినట్టు అన్నాడు: "రాత్రి రెండు చుక్కలు పడ్డయట. రెండు నూర్లు కోస్తమన్నరు. ఈ నెల ఇది మూడోసారి."

ఆ చుక్కలు నావేనని నేను చెప్పలేదు. నిజం చెప్పే అవకాశం రావటమూ, దాన్ని నేను జారవిడవటమూ ఒక్క క్షణంలో జరిగిపోయాయి. దానికి బదులు మీరెక్కడివారని అడిగాను. వరంగల్లే. తండ్రి ఆజంజాహి మిల్లులో మగ్గం దగ్గర పనిచేశాడు. 1934లో నిజాం కాలంలో మొదలైన ఆ మిల్లు కూత విని ఊరు నిద్రలేచేదట. ఇతను పెద్దయ్యేసరికి మిల్లులో కొత్తవాళ్ళను తీసుకోవటం ఆగింది. తరవాత మిల్లే మూతబడింది. తండ్రికి యూనియనుండేది. కొడుకుకు నక్షత్రాలున్నాయి.

మెట్లు దిగి కౌంటరుకు వెళ్ళాను. జరిమానా కొయ్యాలంటే ఏ తప్పుకు కోస్తారో ముందే నోటీసు కట్టాలనీ, మనిషి సంజాయిషీ వినాలనీ, మొత్తం జీతంలో నూటికి మూడు రూపాయలు మించరాదనీ 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉంది. 2019 నాటి వేతనాల కోడ్‌లోకీ ఆ నియమం వచ్చింది. క్లాసులో చెప్పినట్టే ఇదంతా మేనేజరుకు చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

"నిజమే సార్. గీజరు బాగుచేయించమని ఓనరుకు మూడు నెలలుగా చెబుతున్నాను. నెలాఖరుకు నక్షత్రాలు తగ్గితే నా జీతంలోనూ కోత పడుతుంది. మీరు అయిదు చుక్కలకు మార్చండి సార్, మిగతాది చూద్దాం."

మార్చాను. అతను సంతోషించాడుగాని కోత మాట మళ్ళీ ఎత్తలేదు. అప్పుడొక తెల్లకాగితం అడిగి, నీళ్ళు చల్లబడటానికి కారణం చెడిపోయిన గీజరేననీ, పనివాడి తప్పేమీ లేదనీ, తెలియక అతన్ని తప్పుపట్టింది నేనేననీ రాసి సంతకం పెట్టి ఇచ్చాను. కాగితం మడిచి సొరుగులో వేశాడు. అది ఓనరు చేతికి పోయిందో లేదో తెలియదు.

గదికి తిరిగొచ్చి ఇదంతా చెబితే పురుగుమందులాయన నవ్వాడు. ఆయనకు డీలర్లు నక్షత్రాలు వేస్తారట. పై ఏడు ప్రమోషను రాకపోవటానికి అవే కారణమట. అంతమాత్రాన ఆయన లాడ్జీలకు నక్షత్రాలు తగ్గించటం మానలేదు. "మనమూ ఎక్కడో ఒకచోట కసి తీర్చుకోవాలి గదా మాస్టారూ!" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. కాంట్రాక్టు లెక్చరర్ని. ఏడాది చివర విద్యార్థులు నామీద ఫారాలు నింపుతారు; వాటిని ముందు పెట్టుకుని నన్ను మళ్ళీ ఏడాదికి ఉంచాలో వద్దో తేలుస్తారు. గది పైకప్పు కారిందనీ, పాఠ్యపుస్తకం రాలేదనీ ఆ ఫారంలో రాయటానికి చోటు లేదు. బోధన బాగుందా, బాగాలేదా అన్నదొక్కటే ప్రశ్న.

పూర్వం పనివాడి వెనక కొరడా పట్టుకుని ఒక మేస్త్రీ ఉండేవాడు. మేస్త్రీ ఎవరివాడో పనివాడికి తెలుసు. ఇప్పుడు మేస్త్రీకి జీతం దండగ. ఒక జీతగాడి చేతికి ఇంకో జీతగాడి మీద కొరడా ఇస్తే, వాడు ఉచితంగా కొడతాడు. పైగా తాను పెద్దమనిషినయ్యానని సంబరపడతాడు. రూంబాయ్ మీద నేను, నామీద విద్యార్థి, ఆ ప్రతినిధిమీద డీలరు. ఈ లెక్కలో నక్షత్రం పడనివాడొక్కడే ఉన్నాడు. గీజరు కొననివాడు, దుప్పట్లు మార్చనివాడు ఆ జాబితాలో లేడు. నా వేలు వెతికినా దొరికేవాడు కాదు. నిజానికి నేను వెతకనూ లేదు.

గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ తన డబ్బు కోసం గిరీశాన్ని వెతుక్కుంటూ మధురవాణి ఇంటిదాకా వస్తుంది. క్రీడాభిరామంలో పూటకూళ్ళ ఇంటి వంటకాలకు పేర్లున్నాయి, వాటి వెనక చాకిరీ చేసినవాళ్ళు లేరు. గురజాడ ఆ చాకిరీ మనిషికి నోరిచ్చాడు, నిలదీసే హక్కిచ్చాడు. అయినా నాటకమంతటా ఆమెను వృత్తితోనే పిలుస్తాం. అంత గొప్ప నాటకంలో కూడా ఆమె పేరు మనకు తెలియదు.

బయలుదేరేముందు అతని చేతిలో రెండు వందలు పెట్టబోయాను. తీసుకోలేదు.

"ఇవి మీయి సారూ. నాయి ఆడనే ఉన్నయి," అని కౌంటరువైపు చూపాడు.

"ఆ చుక్కలు వేసింది నేనే."

"ఎరికే సారూ. రూం నంబరు రాత్రే చెప్పిండ్రు."

తెలిసే ఆ నీళ్ళు మోసుకొచ్చాడు. నామీద ప్రేమతో కాదు. మళ్ళీ చుక్కలు తగ్గుతాయన్న భయంతో.

మీ పేరేమిటని అప్పుడడిగాను. చెప్పాడు. ఇక్కడ రాయటంలేదు, రాస్తే ఆ రెండు వందలతో పోయేది కాదు, పనే పోతుంది. ఆ రోజు మూల్యాంకన కేంద్రంలో నాకు వచ్చిన కట్టలో క్రీడాభిరామం ప్రశ్నకు ఒక కుర్రవాడు వంటకాలన్నీ తప్పులేకుండా రాసి, చివర "వండినవారి సంగతి కవి చెప్పలేదు" అని ఒక్క వాక్యం చేర్చాడు. జవాబుల సూచికలో ఆ వాక్యానికి మార్కు లేదు. నేను వేశాను.