మేడ్చల్ దారి, శామీర్‌పేట దారి

సికింద్రాబాదు నుండి ఉత్తరానికి బయలుదేరితే రెండు దారులున్నాయి. ఒకటి బోయిన్‌పల్లి, కొంపల్లి మీదుగా మేడ్చల్ వెళ్ళే నాగపూరు దారి. రెండవది ఆల్వాల్, తూంకుంట మీదుగా శామీర్‌పేట వెళ్ళే కరీంనగర్ దారి. గృహ కూడికల కొరకు ఈ రెండు దారులూ మేము ఏళ్ళ తరబడి తిరిగినవే. ఒకప్పుడు ఇరువైపులా ద్రాక్ష పందిళ్ళుండేవి. అనాబ్-ఎ-షాహి గుత్తులు పండిన ఆ నేలల్లో ఇప్పుడు ఎక్కడ చూచినా ప్లాట్ల హద్దురాళ్ళే.

2021 డిసెంబరులో శామీర్‌పేట వైపు ఒక సంఘ పెద్ద మమ్మును ఇంటికి పిలిపించాడు. "అయ్యగారూ, ఉన్న రెండెకరాలు అమ్మేద్దామని కొడుకు పట్టుబడుతున్నాడు. ఎరువులకు పెట్టిందే తిరిగి వస్తలేదు. ప్రార్థన చేసి ఒక మాట చెప్పండి" అన్నాడు. ప్రార్థన చేశాము గాని మాట చెప్పడానికి నోరు రాలేదు. మేము చదివిన వేదాంత డిప్లొమాలో ఎరువుల లెక్క లేదు గదా! "అబ్బాయిని మాతో పంపండి, నాలుగు చోట్ల చూచి వస్తాము" అన్నాము. ఆ యౌవనస్థుడు అయిష్టంగానే మోటారు సైకిలు తీశాడు.

మొదట బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్ళాము. తెల్లవారుజామున లారీలు దిగిన తరువాత అక్కడ మిగిలేవి క్యాబేజీ ఆకులు, చితికిన టమాటాలు, కుళ్ళిన వంకాయలు. ఈ చెత్తనుండే అక్కడ కరెంటు తీస్తున్నారు. హైదరాబాదులోని ఐఐసిటి శాస్త్రజ్ఞులు రూపొందించిన పద్ధతి అది. చెత్తను ముక్కలుగా నలిపి, నీటితో జావలాగా చేసి, గాలి చొరబడని పెద్ద తొట్టిలోనికి పంపుతారు. లోపల సూక్ష్మజీవులు దానిని తిని గ్యాసు విడుస్తాయి. మన పల్లెల గోబర్ గ్యాసుకు ఇది పట్నం తమ్ముడనుకోండి. రోజుకు 10 టన్నుల చెత్తనుండి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం వస్తున్నట్లు 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలోనే చెప్పారు. ఆ కరెంటు మార్కెట్ దీపాలకు, గ్యాసు క్యాంటీన్ పొయ్యికి, మిగిలిన జావ చేలకు ఎరువుగా వెళ్ళుతుంది.

మాకు యంత్రాలకంటె దాని ముందు జరిగే పని ఎక్కువ నచ్చింది. ప్లాస్టిక్ కవర్లు, సుతిలి తాళ్ళు చేతితో ఏరివేయాలి. అవి లోపలికి పోతే యంత్రం ఆగిపోతుంది. అయిదు వేలమందికి భోజనం పెట్టిన తరువాత మిగిలిన ముక్కలు పన్నెండు గంపలకు ఎత్తించిన సంగతి మనము ఎన్నిసార్లు ప్రసంగించలేదు? ఆ గంపలు ఎత్తినవారి చేతుల గూర్చి మాత్రం మేము ఎన్నడూ ఆలోచించలేదు.

ఏరకుండా వదిలిన చెత్త ఎక్కడికి పోతుందో మా సంఘస్థులకు బాగా తెలుసు. శామీర్‌పేట దారినుండి కుడివైపుకు తిరిగితే జవహర్‌నగర్ చెత్త దిబ్బ. మహానగరమంతా విడిచినది అక్కడికే చేరుతుంది. దిబ్బనుండి కారిన నల్లని ఊట మల్కారం చెరువును పాడుచేసింది. పాత గుట్టను మట్టితో, షీట్లతో కప్పారు. 2020 నవంబరులో చెత్తను కాల్చి 19.8 మెగావాట్ల కరెంటు తీసే కేంద్రం కూడా ప్రారంభమైంది. అయినను గాలి మళ్ళినప్పుడు ఆ చుట్టుప్రక్కల కుటుంబాలు తలుపులు మూసుకొని అన్నం తినడం మేము కళ్ళారా చూచాము.

తిరుగు దారిలో ఆల్వాల్ వచ్చింది. ఈ ఊరి రైతు చింతల వెంకట్ రెడ్డి గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయన ద్రాక్ష, వరి, గోధుమ పండించినది మట్టినే ఎరువుగా వేసి. పై మట్టి ఏళ్ళ తరబడి పంటకు సారమిచ్చి అలసిపోతుంది. వాన నీటితో కొన్ని ఖనిజాలు లోపలికి దిగిపోతాయి. అందుచేత లోపలి పొరల మట్టిని తవ్వితీసి, ఎండబెట్టి, పైరు మొదట్లో వేస్తారు. మట్టిని నీటిలో కలిపి, ఇసుక అడుగుకు దిగిన వెంటనే పైతేటను ఆకులపై చల్లుతారు కూడా. అబ్బాయి మొదటిసారిగా నోరు తెరిచి, "మట్టి మాకూ ఉన్నది కదా" అన్నాడు. ఎకరమంతా ఒకేసారి తవ్వవద్దు, రెండు సాళ్ళలో వేసి చూడమన్నాము.

సాయంత్రం మందిరం వద్ద మాకు సిగ్గు కలిగించే పని జరిగింది. దాతల సహాయంతో వేసిన సౌరదీపం రెండు వానాకాలాలు వెలిగి ఆరిపోయింది. నాసిరకం సామాను ఇచ్చారని మేమే అందరితో చెప్పియుంటిమి. అబ్బాయి నిచ్చెన వేసుకొని ఎక్కి చూస్తే పలక మీద వేలు మందం దుమ్ము, పావురాల రెట్ట. బ్యాటరీలో నీళ్ళు ఇంకిపోయి లోపలి పలకలు ఎండి ఉన్నాయి. డిస్టిల్డ్ వాటర్ సీసా విలువ ఎంత? ప్రతి ఆదివారం ఆ స్తంభం క్రిందనే నిలిచి అందరికీ వందనాలు చెప్పే మేము ఒక్కసారి పైకి చూడలేదు. చివరకు చందా వేసుకొని కొత్త బ్యాటరీ కొనవలసి వచ్చింది.

వారి రేకుల కొట్టంలో పగలు కూడా చీకటే. 2002లో బ్రెజిల్ దేశపు మెకానిక్ అల్ఫ్రెడో మోజర్ కరెంటు కోతల కాలంలో కనిపెట్టిన ఉపాయం మేము చెప్పాము. రెండు లీటర్ల సీసాలో నీరు, పాచి పట్టకుండా కొంచెం బ్లీచింగ్ కలిపిన ద్రావకం పోసి, రేకుకు రంధ్రం చేసి సగం పైకి, సగం లోపలికి బిగించాలి. ఎండ ఉన్నంతసేపు చిన్న బల్బంత వెలుతురు వస్తుంది. అబ్బాయి బిగించాడు. మొదటి వానకే కారి గేదె తడిసింది. తరువాత తారు పూశాడు.

మరుసటి వేసవిలో ఆ పెద్దాయన ఒక ఎకరం అమ్మాడు, కూతురి పెళ్ళి కొరకు. మిగిలిన ఎకరంలో ఒక మూల గుంత తవ్వి రెండు సాళ్ళ వంగకు ఆ మట్టి వేశారు. ఎరువు వేసిన సాళ్ళకు, వాటికి కాపులో పెద్ద తేడా లేదని, ఎరువు ఖర్చు మాత్రం మిగిలిందని తండ్రి అన్నాడు. కాయ మెరుపు వేరని కొడుకు వాదించాడు. మందిరం వెనుక రెండు డ్రమ్ములు పెట్టించాము, ప్రేమవిందు తరువాత ఇస్తరాకులు, అన్నం ఒకదానిలో, ప్లాస్టిక్ గ్లాసులు మరొకదానిలో వేయాలని. పిల్లలు సరిగానే వేస్తున్నారు. పెద్దలే ఇంకా తికమక పడుతున్నారు.