పాత పాట... కొత్త పరీక్ష

నాలుగైదేళ్ళ మనవణ్ణి వెంటబెట్టుకుని ఓ తాత న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్‌కి వచ్చాడు. 1940ల చివరి రోజులవి. నాణెం వేస్తే గొంతును అప్పటికప్పుడు రికార్డు చేసి చేతికిచ్చే చిన్న గది అక్కడ ఉండేది. పిల్లాడు పాడితే వినాలని తాత ఆశ. పాడాల్సింది గొప్ప పాటేం కాదు, పుట్టినరోజు పాట. వాడు వింటేగా! తాత బతిమాలడం, మనవడు మొరాయించడం... చివరికి రికార్డయింది ఇదే.

ఆ మొండి పిల్లాడు బారీ మనిలో. 1973లో వచ్చిన తన మొదటి ఆల్బమ్‌లో తాత బతిమాలిన ఆ పాత రికార్డును దాచుకున్నాడు. ఇంటిపేరు కూడా ఆ తాత వైపుదే, అంటే అమ్మ పుట్టింటిది. అలా పేరుతోనే మొదలైంది అరువు. తర్వాత పాటల్లోనూ అదే వరస.

సరిగ్గా అరవై రెండేళ్ళ వయసులో, 2006 జనవరి ఆఖరున, మనిలో ఒక ఆల్బమ్ తెచ్చాడు. అందులో ఒక్కటీ కొత్త పాట కాదు. దాదాపు అన్నీ 1950ల నాటి హిట్లే. ఎవరో రాసినవి, ఎవరో పాడి పేరు తెచ్చుకున్నవి. ఆలోచన క్లైవ్ డేవిస్‌ది. డెబ్భైల్లో మనిలోను తారను చేసిన రికార్డు కంపెనీ పెద్ద ఆయనే. మొదటి వారంలోనే లక్షన్నరకు పైగా అమ్ముడై ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో ఒకటో స్థానంలో కూర్చుంది. మనిలోకు ఆ కుర్చీ దొరకడం 1977 తర్వాత మళ్ళీ అప్పుడే!

విమర్శకులు మామూలుగానే పెదవి విరిచారు. వాళ్ళకు ఆయనెప్పుడూ లోకువే. ఆ ఏడాదే ఆస్ట్రేలియాలోని సిడ్నీ శివారు రాక్‌డేల్‌లో రాత్రిళ్ళు గోల చేసే కుర్రకారును పార్కు నుంచి తరిమేయడానికి పురపాలక సంఘం వాళ్ళు మైకుల్లో మనిలో పాటలు వేశారు. ఒక దేశంలో జనం డబ్బిచ్చి కొనుక్కున్న గొంతు, ఇంకో దేశంలో దోమల మందులా పనికొచ్చిందన్నమాట!

మరి సొంత సరుకు లేక పాత పాటల మీద పడ్డాడా? ఆ మాట అనేముందు ఆయన కథ కాస్త వెనక్కి తిప్పాలి.

పేరు రాకముందు మనిలో వాణిజ్య ప్రకటనలకు బాణీలు కట్టేవాడు. బ్యాండ్ ఎయిడ్ పట్టీకీ, స్టేట్ ఫార్మ్ బీమా కంపెనీకీ కట్టిన బాణీలు అమెరికాలో ఇంటింటా మోగాయి. వాటిని కట్టిందెవరో వినేవాళ్ళలో ఎందరికి తెలుసు? తర్వాత గాయని బెట్ మిడ్లర్ పక్కన పియానో వాయించాడు. 1974లో 'మాండీ' వచ్చింది. ఆయన్ని ఆయనగా నిలబెట్టిన పాట. అదీ సొంతం కాదు. స్కాట్ ఇంగ్లిష్ 1971లో 'బ్రాండీ' పేరుతో పాడిన పాట. అదే పేరుతో ఈలోగా ఇంకో పాట హిట్టయింది కాబట్టి మొదటి అక్షరం మార్చారు. మనిలో చేసిన అసలు మార్పు వేరు. హుషారుగా సాగే పాటను నెమ్మదింపజేసి, పియానో ముందు కూర్చుని గుండె విప్పుకునే పాటగా మలిచాడు. ఆ నెమ్మదిలోనే 'మాండీ' పుట్టింది.

ఇంకా చిత్రం, 1976 మొదట్లో ఒకటో స్థానానికి చేరిన ఆయన పాట పేరుకు అర్థం 'పాటలు రాసేది నేనే' అని. దాన్ని రాసింది బ్రూస్ జాన్‌స్టన్! గ్రామీ కూడా ఆయనకే వచ్చింది. పోనీ మనిలో స్వయంగా కట్టిన తొలినాళ్ళ పాట ఒకటి తీసుకుంటే, అందులో షోపాన్ పియానో సంగీతపు ఛాయ స్పష్టంగా వినిపిస్తుంది. కాబట్టి పరాయి పాటకు ప్రాణం పోయడం ఆయనకు ముసలితనంలో పట్టుకున్న ఊతకర్ర కాదు. మొదటినుంచీ తెలిసిన విద్య.

అయితే ఈ విద్యలో ఒక గండం ఉంది. మన ఊళ్ళలో ఘంటసాల పాటలు పాడేవాళ్ళకు ఇది బాగా తెలుసు. అచ్చం ఆయనలాగే పాడితే అనుకరణ అంటారు. సొంతంగా ఒక సంగతి వేస్తే పాటను చెడగొట్టాడంటారు. వినేవాళ్ళ చెవిలో అసలు పాట అప్పటికే మోగుతూ ఉంటుంది. వేదిక మీద గాయకుడు ఒక్కడే, పోటీ మాత్రం వెయ్యిమంది జ్ఞాపకాలతో.

మనిలో విషయంలో అంకెలూ ఇదే చెబుతాయి. యాభైల పాటల తర్వాత అదే ఏడాది అరవైల పాటలు తెచ్చాడు, రెండో స్థానం. 2007లో డెబ్భైలు, నాలుగు. 2008లో ఎనభైలు, పద్నాలుగు. కాలం దగ్గరకొచ్చేకొద్దీ మెట్టు దిగుతూ వచ్చాడు. బహుశా దగ్గరి జ్ఞాపకానికి నకలు అక్కర్లేదేమో!

డెబ్భైల దగ్గర ఇంకో చిక్కొచ్చింది. ఆ దశాబ్దపు పాత హిట్లు ఏరబోతే, ఎదురుగా తనే నిలబడి ఉన్నాడు! యాభైల పాటలు పాడినప్పుడు బ్రూక్లిన్‌లో వాటిని విన్న పిల్లాడు ఆయన. డెబ్భైలకు వచ్చేసరికి తనే పాత సరుకు. తప్పించుకోలేదు. తన 'మాండీ'నే మళ్ళీ, హంగులన్నీ తీసేసి, మామూలుగా పాడుకున్నాడు. ఇతరుల పాట పాడేటప్పుడు వాళ్ళతో పోలిక. తన పాట పాడేటప్పుడు ముప్ఫై ఏళ్ళ కిందటి తనతోనే పోలిక. ఏది కష్టమో పాడేవాడికే తెలియాలి.

2011లో మళ్ళీ కొత్త పాటలతో ఆల్బమ్ తెచ్చాడు. అదీ కీర్తి గురించే. అరువు ముగించి సొంత ఖాతా తెరిచినట్టు.

లాస్‌వేగాస్‌లో 1969 నుంచి 1976 దాకా ఎల్విస్ ప్రెస్లీ ఒకే హోటల్‌లో 636 ప్రదర్శనలిచ్చాడు. తర్వాత పేర్లు మారిన ఆ హోటల్‌లోనే 2005లో మనిలో వేదికెక్కాడు. మధ్యలో కొన్నేళ్ళు వేరేచోటికి వెళ్ళినా మళ్ళీ అక్కడికే వచ్చాడు. 2023 సెప్టెంబరులో, ఎనభయ్యో ఏట, 637వ ప్రదర్శన ఇచ్చి ఆ లెక్క దాటేశాడు. 2006 నాటి ఆల్బమ్‌లో ఆయన అరువు తెచ్చుకున్నవాటిలో ఎల్విస్ పాట కూడా ఒకటుంది మరి!

పాడమంటే పాడనని మొండికేసిన పిల్లాడేనా ఇతను? తాత ఉంటే ఎవరి పాట అని అడిగేవాడు కాదు. పాడితే చాలుననే కదా, ఆ రోజు నాణెం వేసింది!